గోధుమ తవుడుకి అమ్మిన కొడుకు

నా కొడుకుని వాడు పుట్టిన పదకొండో రోజున అమ్మేశాను. చాటుగా కాదు. జంషెడ్‌పూర్ కద్మాలో మా కంపెనీ క్వార్టరు గుమ్మంలో, పట్టపగలు, మా అత్తగారూ మా ఆయనా చుట్టుపక్కల ఆడవాళ్ళూ చూస్తుండగా అమ్మాను. కొన్నది ఎదురు క్వార్టరులో ఉండే టీచరమ్మ.

మా శ్రీకాకుళం వైపు ఇది వింతేమీ కాదు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో ఆ తరువాత పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టి పొరుగువాళ్ళకి తవుడుకి అమ్ముతారు. బిడ్డ ఆ ఇంటిది కాకుండా పోతుంది కాబట్టి మృత్యువు వెతుక్కుంటూ వచ్చినా ఉత్త చేతులతో వెళ్ళిపోతుందని నమ్మకం. మా ఊళ్ళలో తవిటయ్యలూ తవిటమ్మలూ అంతమంది ఉండేది అందుకే. కొన్నావిడ బిడ్డని ఒళ్ళో వేసుకుని ముద్దాడి, 'నా బిడ్డని పెంచిపెట్టు' అని కన్నతల్లి చేతికే తిరిగి ఇస్తుంది. అప్పటినుంచి కన్నతల్లి పెంచేది పరాయి బిడ్డని. పెళ్ళికి ముందు తవుడూ, కొత్త చీరా ఇచ్చి తిరిగి కొనుక్కోవాలి.

వాడికి ముందు నాకు ఇద్దరు పోయారు. మొదటివాడు కళ్ళు తెరవలేదు. రెండోది ఆడపిల్ల, ఇరవై రోజులు ఉంది. అందుకని మూడోవాడు పుట్టాడన్న కబురు అందగానే మా అత్తగారు ఊరినుంచి కొత్త చేట చంకన పెట్టుకుని రైలెక్కేశారు. చేట తెచ్చారు గానీ తవుడు ఇక్కడ దొరకదా అనుకున్నారు. మా ఆయన పర్సుడీహ్ బజారులో పశువుల దాణా కొట్టుకి వెళ్ళారు. పదేళ్ళుగా ప్లాంటులో హిందీలో అరుస్తున్న మనిషే, తవుడుని హిందీలో ఏమంటారో మాత్రం తెలియలేదు. చేతులతో దంచి చూపించి, చెరిగి చూపించి, చివరికి సంచీడు గోధుమ పొట్టు తెచ్చారు.

అత్తగారు సంచీలో చెయ్యి పెట్టి చూసి, "ఇదేట్రా? వరి తవుడు తెమ్మంతే గోధుమ తవుడు తెచ్చినావు! రొట్టెలు తినీవోలకి అమ్ముతన్నావేటి నా మనవణ్ణి?" అన్నారు. అందరం నవ్వాం. రెండేళ్ళ తరువాత ఆ ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలు. ముహూర్తం దాటిపోతోందని ఆ గోధుమ తవుడుతోనే కానిచ్చారు.

టీచరమ్మని ఎంచింది కూడా అత్తగారే. భీమిలి వైపు తెలుగు క్రైస్తవులు వాళ్ళు. వాళ్ళాయన మా ఆయనతోపాటే ప్లాంటులో డ్యూటీ, ఆవిడ కాసిడీహ్‌లో ఒక బడిలో టీచరు. ముగ్గురు ఆడపిల్లలు. ఆవిడ నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద, నేను అక్కా అనేదాన్ని. "ఆళ్ళు యేసుప్రభువు మనుషులే. ఆ ఇంటి దారే యముడికి తెల్దు," అని అత్తగారు తేల్చేశారు.

ఆవిడ వచ్చి చేట ముందు కూర్చుని, "ఇది ఉత్తుత్తికా, నిజంగానా పిన్నీ?" అని అడిగింది.

"నిజమే. కొన్నదానివి నువ్వు నిజమనుకుంతేనే పనిచేత్తాది."

"అయితే ఓ నిమిషం ఆగండి," అని కళ్ళు మూసుకుని పెదవులు కదిపి ప్రార్థన చేసుకుంది. తరువాత నా చెంగులో తవుడు పోసి, బిడ్డని ఒళ్ళోకి తీసుకుంది. మేమందరం దాన్ని సగం నమ్మి, సగం ఆటలా చేశాం. పూర్తిగా నిజమనుకున్నది ఆ ఒక్క మనిషే.

వాడు బతికాడు. నడిచాడు. మాటలొచ్చాక ఆవిడని తవుడమ్మ అన్నాడు. ఎవరూ నేర్పలేదు, మేం చెప్పుకునే మాటల్లోంచి వాడే ఏరుకున్నాడు. పొద్దున్న లేవగానే రోడ్డు దాటి ఆ గుమ్మంలో కూర్చునేవాడు. నేను వండిన వంకాయ కూర పళ్ళెంలో వదిలేసి ఆ ఇంట్లో మెత్తళ్ళ చేపల పులుసు వేళ్ళు నాక్కుంటూ తినొచ్చేవాడు. మొదటి పన్ను ఊడినప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. వాడు దాన్ని గుప్పిట్లో పట్టుకుని నన్ను దాటుకుని ఎదురింటికి పరిగెత్తాడు.

క్వార్టర్లలో ఆడవాళ్ళకి అంతకన్నా కాలక్షేపం ఏముంటుంది? "ఆవిడ కొడుకుని నువ్వు బాగానే పెంచుతన్నావమ్మీ," అని నీళ్ళ పంపు దగ్గర ఆటపట్టించేవారు. నేను నవ్వేదాన్ని. లోపల కుతకుత ఉడికేదాన్ని. నాకు చిన్నప్పటినుంచీ కోపం ముక్కుమీద ఉంటుంది, కానీ ఇది కోపం కాదు, ఈర్ష్య. ఇద్దరిని మట్టికి ఇచ్చి దక్కించుకున్నవాణ్ణి ఇంకొకరితో పంచుకోవడం నా వల్ల కాలేదు. వాడు నాకు మాత్రమే కావాలి. వాడికి కూడా నేను మాత్రమే కావాలి. దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

వాడికి ఎనిమిదో ఏట టైఫాయిడ్ వచ్చింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు వాడి మంచం పక్కన స్టూలు మీదే కూర్చున్నాను. ఐదో రోజు జ్వరం బాగా ఉన్నప్పుడు కళ్ళు తెరిచి నావైపే చూస్తూ, "తవుడమ్మని పిలు," అన్నాడు. నేను నుదుటిమీద తడిగుడ్డ మార్చి, "నేనున్నానుగా నాన్నా," అన్నాను. "నువ్వు కాదు," అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ బడినుంచి నేరుగా వచ్చింది, చేతిలో సగ్గుబియ్యం జావ డబ్బా. నేను వార్డులోంచి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను. నా నోట్లోంచి ఆ మాటలు వచ్చినప్పుడు వాటిని ముందుగా అనుకోలేదు. కానీ తడబడనూ లేదు.

"పంతులుగారు జాతకం చూశారక్కా. కొన్నవాళ్ళ చూపు పిల్లాడికి పడట్లేదట. అందుకే ఈ జ్వరం. తిరిగి కొనుక్కునేదాకా నువ్వు వాణ్ణి చూడకూడదు, మాటాడకూడదట."

నేను ఆ పంతులుగారి ముఖం చూసి మూడు నెలలు దాటింది. అలాంటి నియమం మా ఊళ్ళో గానీ, ఏ ఊళ్ళో గానీ లేదు.

ఆవిడ డబ్బా రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. "ఎప్పుడు కొనుక్కోవాల?"

"పెళ్ళికి ముందు."

"ఎనిమిదేళ్ళోడికి పెళ్ళెప్పుడమ్మీ," అంది. అది నన్ను అడగడం కాదు. కాసేపటికి డబ్బా నా చేతికిచ్చి, "వేడిగా ఉన్నప్పుడే పట్టించు. ఆడు బాగుంతే చాలు," అని వెనక్కి తిరిగింది. తలుపు సందులోంచి ఒక్కసారైనా తొంగి చూస్తుందనుకున్నాను. చూడలేదు. నా మాట పట్టింది కదా అని నాకు సంతోషం వేసింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజంగానే సంతోషం వేసింది.

వాడు కోలుకుని ఇంటికొచ్చాక ఆవిడ గురించి అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పాను. పరీక్ష పేపర్లు దిద్దుకుంటోందన్నాను, పిల్లలకి బాగోలేదన్నాను, ఒకసారి చిరాకుపడి, "ఆవిడకి ఆవిడ పిల్లలున్నారు," అన్నాను. రెండు నెలలకి వాళ్ళు పర్సుడీహ్‌లో కట్టుకుంటున్న సొంత ఇంటికి మారిపోయారు. ఆ తరువాత వాడు అడగడం మానేశాడు. నేను గెలిచాననుకున్నాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కి, కాలు కడుక్కోకుండా ఆ బురదమీదే పసుపు రాసుకున్నదాన్ని. శనివారాలు ఉపవాసం పట్టాను. కార్తీకమంతా చన్నీళ్ళ స్నానం. తెలుగువాళ్ళ గుడిలో ఏ వ్రతం జరిగినా ముందు వరుస నాదే. వాడి పేరున అర్చన చేయించినప్పుడల్లా, 'నా కొడుకుని చల్లగా చూడు' అని అడిగేదాన్ని. ఇంకో తల్లి కళ్ళు మూయించి, దేవుణ్ణి మాత్రం కళ్ళు తెరిచి చూడమన్నాను. దేవుడి పేరు అడ్డం పెట్టుకునే ఆ అబద్ధం ఆడానని లోపల తెలుసు కాబట్టి, హారతి కళ్ళకద్దుకునేటప్పుడు విగ్రహం ముఖంలోకి సూటిగా చూసేదాన్ని కాదు. పాదాలు చూసి వచ్చేసేదాన్ని. చూసినవాళ్ళు భక్తి అనుకున్నారు.

పంతొమ్మిదేళ్ళు గడిచాయి. వాడు చదువుకుని ఇక్కడే ఉద్యోగంలో చేరాడు. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే మంచి పిల్లాడు. అడిగింది చేస్తాడు, ఎదురు చెప్పడు, ఏదీ నాతో చెప్పుకోడు. కిందటి మాఘంలో ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాళ్ళ అమ్మాయితో సంబంధం కుదిరింది. పెళ్ళికి ముందు గ్రహశాంతి చేయిద్దామని ఇంట్లో హోమం పెట్టుకున్నాం.

ఈ పంతులుగారు కుర్రవాడు, జంషెడ్‌పూర్‌లోనే పుట్టినవాడు. మంత్రం సంస్కృతంలో, సూచనలు తెలుగులో, ఫోను హిందీలో. ఒక్కొక్క ఆహుతికీ చివర మా ఇద్దరినీ "న మమ" అనమన్నాడు. నాకు కొత్త కాదు. పెళ్ళైన నాటినుంచీ ఎన్ని హోమాల్లోనో అన్నాను. అదేదో 'నమామి' లాంటిదే అనుకునేదాన్ని, 'నమమ, నమమ' అంటూ ప్రతిసారీ తల వంచి దణ్ణం పెట్టేదాన్ని. ఆ రోజు అతను నవ్వి, "దణ్ణం దేనికమ్మా? నమస్కారం కాదండి అది. న, మమ. నాది కాదు అని. నెయ్యి వేసి 'నాది కాదు' అని వదిలెయ్యడమే," అన్నాడు.

పక్కన మా ఆయన, "అలాగా!" అన్నారు. తరువాతి ఆహుతికి నేను ఆ మాట అనలేదు. ముప్పై ఏళ్ళుగా అగ్ని ముందు కూర్చుని 'నాది కాదు, నాది కాదు' అని వందలసార్లు ఒట్టుపెట్టి లేచాను. లేచిన మరుక్షణం నాదే, నాదే అని వాణ్ణి పట్టుకున్నాను. ఆ చేటలో పెట్టి అమ్మడం కూడా అదే మాట కదా అని అప్పుడు తట్టింది. మా అత్తగారికి సంస్కృతం రాదు. ఆవిడ దాన్ని తవుడుతో చెప్పారు. ఒక్క టీచరమ్మకే అర్థమైంది. పొగ కళ్ళలో పడిందని చెప్పి లేచి పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

హోమం చివర పంతులుగారు, "బాబుని ఎవరికో అమ్మారట కదండీ, పెళ్ళికి ముందు కొనేసుకోండి," అని గుర్తు చేసి వెళ్ళాడు.

మరునాడు పర్సుడీహ్‌కి బయలుదేరాను. ఒక సంచీలో తవుడు, ఇంకో దాంట్లో చీర. ఇంతా ఏడ్చి కూడా నా బుద్ధి ఎటు పోయిందో చెప్పాలి. టెంపోలో కూర్చున్నంతసేపూ నిజం చెప్పకుండా పని కానిచ్చే దారి వెతికాను. గడువు తీరిపోయింది, కొనుక్కోవడానికి వచ్చానంటే సరిపోతుంది. ఆవిడ అడగదు. ఎవరికీ ఏదీ తెలియదు.

ఆవిడ తలుపు తీసింది. జుట్టంతా నెరిసిపోయింది. మోకాళ్ళ నొప్పులట, గోడ పట్టుకుని నడుస్తోంది. నన్ను చూసి, నా చేతిలో సంచీ చూసి, ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

"ఆడికి పెళ్ళి కుదిరిందేటి? అయితే ఇంక చూడొచ్చా?"

నేను సంచీలు కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. ఇంత ఆశగా అడుగుతుందని అనుకోలేదు. ఆవిడ నీళ్ళు తెచ్చిచ్చి, పాపం, నన్ను ఓదార్చడానికన్నట్టు చెప్పుకుంటూ పోయింది. ఎదురింట్లో ఉంటే చూడకుండా ఉండడం కుదరదని, తలుపులు కూడా బిగించని ఇంట్లోకి మారిపోయారట. వాడి బడీ, ఆవిడ బడీ ఒకటే రోడ్డు మీద. వాడి బడి వదిలే వేళకి స్టాఫ్ రూంలోనే అరగంట కూర్చుని, రోడ్డు ఖాళీ అయ్యాక బయలుదేరేదట. "ఓ రోజు సాక్చీ బజార్లో ఎనకనుంచి ఆడి గొంతు వినిపించీసింది. తిరగబోయి ఆగిపోనాను. భయమేసింది, ఆడికి మళ్ళీ జొరమొచ్చెత్తాదేమోనని," అంది.

అప్పుడు చెప్పేశాను. పంతులుగారు ఏమీ అనలేదని, ఏ జాతకమూ చూపించలేదని, వాడు 'నువ్వు కాదు' అన్నందుకు ఓర్వలేక కల్పించానని చెప్పాను. మంచి మాటలు వెతకలేదు. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది.

వంటింట్లో కుక్కరు రెండు కూతలు కూసింది, ఆవిడ వెళ్ళి కట్టేసి వచ్చి కూర్చుంది.

"నాకెందుకు చెప్తన్నావు? ఆడికి చెప్పినావా?"

"లేదక్కా."

"ముందు ఆడికి చెప్పు."

నేను తవుడు సంచీ ఆవిడ ముందుకి జరిపి, "ఇది తీసుకుని వాణ్ణి నాకు ఇచ్చెయ్యక్కా," అన్నాను.

"నేనమ్మను," అంది.

తెలుగులో ఆ మాట రెండు రకాలుగా వినపడుతుంది. అమ్మేది లేదన్నదో, నేనూ తల్లినే అన్నదో నాకు తెలియలేదు. అడిగే ముఖం నాకు లేదు. "ఆ రోజు నిజమనుకునే కొన్నాను. ఇప్పుడూ నిజమే," అని లేచి, చీర మాత్రం చేతిలోకి తీసుకుని అంచు చూసింది. "పెళ్ళికి కట్టుకుంతాను. తవుడు ఏ ఆవుకైనా పెట్టీ."

తిరిగి వస్తూ బజారు దగ్గర ఒక ఆవు ముందు సంచీ బోర్లించాను. కొనుక్కోవడానికి వెళ్ళి, అమ్మినవాణ్ణి అమ్మినట్టే ఉంచి వచ్చాను. ఆశ్చర్యంగా, నాకు ఏమీ పోయినట్టు అనిపించలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గరే వాడికి చెప్పాను. మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాడు కేకలు వేస్తే బాగుండుననుకున్నాను, దానికి సిద్ధపడే ఉన్నాను. వాడు పళ్ళెంలోకే చూస్తూ మెల్లిగా అన్నాడు:

"హమ్‌కో లగ్‌తా థా, హమ్ హీ కుఛ్ గల్తీ కియే హోంగే."

తనే ఏదో తప్పు చేసి ఉంటాననుకున్నాడట. అందుకే ఆవిడ తనని వదిలేసిందనుకున్నాడట. జ్వరం తగ్గి ఇంటికొచ్చిన ఎనిమిదేళ్ళ పిల్లాడు ఏం తప్పు చేశానా అని ఎన్నాళ్ళు వెతుక్కున్నాడో! మళ్ళీ ఆ తప్పు జరగకూడదనేనేమో ఇన్నేళ్ళూ అంత మంచిగా ఉన్నాడు. నేను వాడి మంచితనం చూసి మురిసిపోయాను. ఆవిడకి చేసిన ద్రోహం ఒక్కటే నాకు తెలుసు, వాడికి చేసింది అప్పటిదాకా తెలియదు.

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "హల్దీకే దిన్ ఆప్ ఖుద్ లేకే ఆయియేగా," అన్నాడు. పసుపు రోజున నువ్వే స్వయంగా ఆవిడని తీసుకురా అని. అంతకుమించి ఈనాటివరకూ ఆ సంగతి ఎత్తలేదు. క్షమించాడో లేదో నాకు తెలియదు.

మరునాడు దీపం పెట్టి, అలవాటుకొద్దీ 'నా కొడుకుని' అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఏమీ అడగకుండా ఊరికే కూర్చున్నాను. దేవుణ్ణి పాదాల దగ్గరనుంచి పైకి, ముఖం దాకా చూశాను. పంతొమ్మిదేళ్ళ తరువాత అదే మొదటిసారి.

పెళ్ళికొడుకుని చేసే రోజు పొద్దున్నే ఆటోలో వెళ్ళి ఆవిడని తీసుకొచ్చాను. నేనిచ్చిన చీరే కట్టుకుంది. లోపలికి రాగానే మా తోటికోడలు నా చెవిలో, "బొట్టు నేని మనిషి చేత నూనె పెట్టిత్తావేటి?" అంది. "బొట్టు లేకపోతే ఏటి, కొడుకున్నాడు కదా!" అని అందరికీ వినపడేలా అన్నాను. ఇలాంటప్పుడు నా కోపం బాగానే పనికొస్తుంది.

పీట వేశారు. వాడొచ్చి కూర్చున్నాడు. తల్లి ముందు రావాలమ్మా అని పంతులుగారు పిలిచాడు. నేను నూనె గిన్నె పట్టుకుని ఆవిడ కోసం చూశాను. షామియానా చివర కుర్చీలో కూర్చుని ఉంది. చెంగు కొన చేతిలో నలుపుకుంటూ, ముఖం రోడ్డు వైపు తిప్పుకుని ఉంది. అంత ఆశపడి వచ్చిన మనిషి, అబద్ధమని తెలిసిన మనిషి, వాడు వస్తున్నాడనగానే అలవాటు కొద్దీ అటు తిరిగిపోయింది. తను అలా తిరిగినట్టు ఆవిడకే తెలియదు.

నేను వెళ్ళి రెండు చేతులతో ఆవిడ ముఖం పట్టుకుని ఇటు తిప్పాను. "చూడక్కా," అన్నాను.

పీట మీదనుంచి వాడు అప్పటికే ఇటే చూస్తున్నాడు. ఆవిడ చూసింది. నేను చూడలేక, నూనె గిన్నె ఆవిడ చేతిలో పెట్టి, పాలు సరిపోయాయో లేదో కనుక్కోవడానికన్నట్టు వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాను.